శివరాత్రి దాటాక నాటిన చిక్కుడు

లచ్చన్నకు లోకంలో తెలియని సంగతులు చాలానే ఉన్నాయి. ఆ మాట అతనూ ఒప్పుకుంటాడు. కానీ మన్ను సంగతి మాత్రం తనకు ఎవరూ చెప్పనక్కర్లేదని అతని గట్టి నమ్మకం. అక్కడ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మెట్‌పల్లి పక్కన ఒక పల్లెలో, పసుపూ మక్కా పండించే ఇంట్లో పుట్టాడు. మూడో బోరు కూడా ఎండిపోయిన ఏడు, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, మస్కట్ విమానం ఎక్కాడు. ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు ఘాలాలో కంపెనీ క్యాంపు, తెల్లారకముందే కంపెనీ బస్సు, పొద్దంతా సైట్‌లో సెంట్రింగ్ పని. ఖురంలో తాను చెక్కలు కొట్టిన బిల్డింగుల ముందు నుంచి బస్సు పోతుంటే పక్కవాడికి వేలు పెట్టి చూపించేవాడు. పక్కవాడు నిద్రపోతుండేవాడు. అంత పెద్ద బిల్డింగులు కట్టినా ఒక్కదాని మీదా అతనికి ప్రేమ పుట్టలేదు. రూమ్ వెనక, ఏసీ నీళ్ళు కారే చోట, పగిలిన బకెట్‌లో పెంచుకున్న పుదీనా మీద మాత్రం పుట్టింది.

కరోనా వచ్చిన ఏడు, సైట్లన్నీ మూతపడ్డాయి. పన్నెండుమంది ఉండే రూమ్‌లో నలుగురు మిగిలారు. అప్పుడు కడప షరీఫ్ ఒక కబురు తెచ్చాడు. షరీఫ్ నిజ్వా నుంచి జబల్ అఖ్దర్ కొండ మీదికి పికప్‌లో సామాన్లు చేరవేసే డ్రైవరు. కొండ మీద నాసిర్ అనే ఆయనకు తోటపని చేసే మనిషి కావాలట.

"మట్టి పనప్పా. నీకు సరిపోతాది. గానీ పైన చలి ఉంటాది, చూసుకో," అన్నాడు షరీఫ్.

"మస్కట్ల చలేంది షరీఫ్ భాయ్, పరాచికమాడుతున్నవా?" అని నవ్వాడు లచ్చన్న.

చలి పరాచికమాడలేదు. ఏడువేల అడుగుల ఎత్తున, కొండ అంచుకు మెట్లు మెట్లుగా కట్టిన మళ్ళు. వాటి మధ్య రాతి కాలువలో పారే నీళ్ళు. దానిమ్మ, ఆప్రికాట్, గులాబీ తోటలు. డిసెంబరు వచ్చేసరికి పొద్దున్నే కాలువ గట్టున నీటి చెమ్మ గాజు పెంకులా గట్టిపడేది. స్వెటర్ కూడా లేకుండా కొండెక్కిన లచ్చన్నకు నాసిర్ తన పాత కోటు ఇచ్చాడు. చేతులు పొడుగై అది అతని వేళ్ళ దాకా వచ్చేది. అయినా మొదటి రోజు పారతో ఒక పెళ్ళ తిరగేసి, ఆ తడి మట్టి వాసనకు అతను కాసేపు కూర్చుండిపోయాడు. పద్దెనిమిదేళ్ళు సిమెంటు పీల్చిన ముక్కు అది.

నాసిర్ నిజ్వాలో ఆఫీసు ఉద్యోగి, వారానికోసారి వచ్చేవాడు. తోటకు అసలు యజమాని ఆయన తల్లి మౌజా. డెబ్భై దాటిన మనిషి, నడుము సగానికి వంగిపోయింది, కళ్ళలో పొర. మడి గట్టు మీద రాయిపై కూర్చుని చేతికర్రతో అటు తవ్వు, ఇటు కట్టు అని చూపించేది. లచ్చన్న ఆమెను అక్కడి పనివాళ్ళలాగే మామా, అంటే అమ్మా, అని పిలిచేవాడు. ఆమె అతన్ని వలదీ, అంటే నా కొడుకా, అనేది. సగం చేతులతో, సగం అరబ్బీతో ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆ తోటలో ఆమె ప్రాణమంతా ఒక చిక్కుడు మీద ఉండేది. బీన్స్ లాంటిదే గానీ తీగ పారుతుంది, ఊదారంగు పువ్వు పూస్తుంది. గింజ లేత గోధుమరంగు, దాని మీద ఎర్రటి చారలు. ఆమె పెళ్ళికి తల్లి కొంగున కట్టి ఇచ్చిన గింజ. ఆ కొండ మీద ఆ గింజ ఇంకెవరింట్లోనూ లేదని మౌజా గొప్పగా చెప్పుకునేది.

దానికి ఆమె పెట్టిన షరతులు గట్టివి. చిక్కుడుకు వేరు కదిపితే కోపం వస్తుంది కాబట్టి, అడుగు కోసేసిన లబన్ మజ్జిగ డబ్బాల్లో గింజ పెట్టి, కొట్టు గదిలో కిటికీ దగ్గర మొలిపించాలి. నాలుగు ఆకులొచ్చాక పదిరోజులు పగటిపూట ఎండ చూపించి, సాయంత్రం లోపలికి తేవాలి. డబ్బాతో సహా మట్టిలో పెట్టడం మాత్రం దానిమ్మ చిగురు వేశాకే. దానిమ్మకు ఎర్ర చిగురు కనిపించేదాకా మొక్క గడప దాటకూడదు. ఆ తరువాత కూడా మబ్బు లేక గాలి లేక ఆకాశం నిర్మలంగా ఉన్న సాయంత్రాల్లో మొక్కల మీద గోనె కప్పాలి. అసలు మాట ఇంకోటి ఉంది. గింజల్లో సగమే వెయ్యాలి. సగం డబ్బాలో ఉండాలి.

చలి ఎప్పుడు పోతుందో దానిమ్మ చెట్టును అడగడమేమిటని లచ్చన్నకు లోలోపల నవ్వు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళ నాయన చెప్పాడు, ఊరంతా చెప్పింది. కొత్తవాడు కాబట్టి మొదటి ఏడు నోరు మూసుకుని మౌజా చెప్పినట్టే చేశాడు. ఆ ఏడు శివరాత్రి మార్చి రెండో వారంలో వచ్చింది. సరిగ్గా ఆ వారమే దానిమ్మ చిగురించింది. రెండో ఏడు మార్చి ఒకటిన శివరాత్రి, ఆరో రోజుకు చిగురు. ఇంకేం, ఒమాన్ కొండైనా శివుడి మాట వినాల్సిందేనని తేల్చుకున్నాడు.

శివరాత్రి ఒక ఏడు ముందుకూ ఒక ఏడు వెనక్కూ జరుగుతుందని లచ్చన్నకు తెలియక కాదు. రూమ్ గోడకు తెలుగు క్యాలెండరు ఉంది. చలి కూడా ఆ క్యాలెండరు చూసుకునే మూట కట్టుకుంటుందని అనుకున్నాడు, అదీ సంగతి.

మూడో ఏడు జనవరిలో మౌజా తడి మెట్టు మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. నిజ్వాలో ఆపరేషన్ చేయించి, కూతురి ఇంట్లో ఉంచారు. ఆమెను కారెక్కించే ముందు, నొప్పితో పళ్ళు బిగబట్టి కూడా, గింజల డబ్బా తెప్పించి లచ్చన్న చేతిలో పెట్టింది.

"సగం," అంది. "సగం, వలదీ. మరిచిపోకు."

లచ్చన్న మరిచిపోలేదు. మరిచిపోయి చేసిన తప్పయితే మనసుకు ఇంత బరువుండేది కాదు. ఆమె తిరిగొచ్చేసరికి పై మడీ కింది మడీ రెండూ నిండుగా పందిళ్ళెక్కి ఊదాపూలతో కనిపించాలని అతని ఆశ. ఆమె ఎప్పుడూ గోడ వారన ఉన్న పై మడిలోనే నాటేది. రాతి గోడ పగలంతా ఎండ తాగి సాయంత్రం వెచ్చదనం వదులుతుందని, చల్లగాలి నీళ్ళలా కిందికి జారి కింది మడిలో నిలుస్తుందని ఆమె లెక్క. లచ్చన్న ఆ లెక్క విన్నాడు, తలూపాడు, డబ్బా అడుగు దాకా గింజలన్నీ పెట్టేశాడు. నూటపదకొండు మొలిచాయి. రోజూ ఎండలోకి తెచ్చి, సాయంత్రం లోపలికి చేరవేసేవాడు. మోకాళ్ళు పట్టేసినా లెక్కచేయలేదు.

ఆ ఏడు శివరాత్రి ఫిబ్రవరి పద్దెనిమిదికే వచ్చేసింది. లచ్చన్న ఒక్కపొద్దు ఉన్నాడు, కాలువలో తలంటుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నూటపదకొండు మొక్కలూ రెండు మళ్ళలోనూ నాటేశాడు. దానిమ్మ కొమ్మలు ఎండు కట్టెల్లా ఉన్నాయి. వాటి వంక చూశాడు కూడా. "నువ్వింక నిద్రపోతున్నవ్, నాదేం తప్పు?" అన్నాడు చెట్టుతో.

అదే సమయానికి గోనెలు తీసుకుని షరీఫ్ వచ్చాడు. పదేళ్ళుగా కొండెక్కి దిగుతున్న మనిషి.

"ఏందప్పా ఇది, ఇప్పుడే నాటినావా? మొన్న పైన మలుపు కాడ నా బండి అద్దం మీద మంచు గీకి తీసినా."

"మొన్నటి మాట భాయ్ అది. శివరాత్రి ఎల్లింది గదా."

"నీ శివరాత్రి ఈ కొండకి చెప్పినావా?"

"నువ్వు స్టీరింగ్ చూసుకో భాయ్. యవుసం నేను చూసుకుంట," అన్నాడు లచ్చన్న. షరీఫ్ గోనెలు దించి వెళ్ళిపోయాడు.

నాలుగు సాయంత్రాలు గోనెలు కప్పాడు. కర్రలు పాతి, మొక్కకు తగలకుండా, మౌజా నేర్పినట్టే కప్పాడు. పగలు ఎండ బాగా కాస్తోంది. తడిసిన గోనె జారి మూడు మొక్కల మెడలు వంచింది. అయిదో రోజు సాయంత్రం ఇంటి నుంచి సత్తవ్వ ఫోను చేసింది. ఆమెకు భర్త యోగక్షేమాల కన్నా ముందు వాతావరణం చెప్పడం అలవాటు.

"ఈడ ఇంక చలేడిదయ్యా? ఫ్యాన్లు ఏసుకొని పంటున్నం. నీ దగ్గర ఇంక కోటేనా?"

"ఈడ గూడ పోయింది తియ్," అన్నాడు లచ్చన్న. ఆ మాట నోటితో అన్నాక దానికి కట్టుబడాలి కదా. గాలి ఆగిపోయింది, ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గోనెలు మడిచి కొట్టులో పెట్టి పడుకున్నాడు.

తెల్లారి తలుపు తీసేసరికి మడి గట్లన్నీ ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. కింది మడిలో చిక్కుడాకులు గాజుముక్కల్లా మెరుస్తున్నాయి. ఒక క్షణం అందంగా కూడా అనిపించింది. దగ్గరికెళ్ళి వేలితో ముట్టుకుంటే ఆకు పుటుక్కున విరిగింది. పరుగెత్తుకెళ్ళి గోనెలు తెచ్చి కప్పాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. పది గంటలకు ఎండెక్కి గోనెలు ఎత్తి చూస్తే, రెండు మళ్ళలోనూ ఉడకబెట్టిన పాలకూరలా నల్లగా వాలిపోయి ఉన్నాయి. ఒక్కటి కూడా నిలబడి లేదు.

లచ్చన్న ఏడ్చాడు. బోర్లు ఎండిన నాడు ఏడవలేదు, నాయన పోతే చివరి చూపుకు అందనినాడు కూడా నలుగురి ముందు తమాయించుకున్నాడు. ఆ రోజు మడి మధ్యలో కూర్చుని, నాసిర్ కోటు చేతులతో ముఖం తుడుచుకుంటూ ఏడ్చాడు. తరువాత లేచి నూటపదకొండూ పీకి, పెంటకుప్ప కింద పూడ్చేశాడు. డబ్బా తీసి బోర్లించాడు. ఒక్క గింజైనా అంటుకుని ఉంటుందేమోనని అడుగు తడిమాడు. ఏమీ లేదు.

రెండు రోజులకు నాసిర్ నిజ్వా నుంచి ఫోను చేసి తల్లికి ఇచ్చాడు. ఆమె గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది.

"దానిమ్మ చిగురేసిందా, వలదీ?"

ఇక్కడే చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట చాలు. మామా, తప్పు చేశాను. అరబ్బీలో ఆ మాట అతనికి వచ్చు కూడా. పద్దెనిమిదేళ్ళ డ్యూటీలో ఫోర్‌మన్‌ల దగ్గర ఎన్నిసార్లు అన్నాడో. కానీ అక్కడ తప్పయితే చెక్క వంకరపోయేది, మళ్ళీ కొట్టేవాడు. ఇక్కడ తప్పు చేసింది రైతు లచ్చన్న.

"చిగురేసింది మామా."

"మొక్కలు?"

"మంచిగున్నయ్. రెండు మళ్ళు నిండినయ్."

అవతల ఆమె నవ్వింది. నొప్పి మరిచి నవ్విందని నాసిర్ తరువాత చెప్పాడు.

తల్లి మంచాన పడ్డాక నాసిర్ కొండెక్కడం మానేశాడు కాబట్టి, షరీఫ్ ఒక్కడికే నిజం తెలుసు. ఖాళీ మళ్ళు చూసి అతను వెక్కిరించలేదు. వెక్కిరించి ఉంటే లచ్చన్నకు కొంచెం హాయిగా ఉండేది.

"చెప్పేయప్పా," అన్నాడు. "అమ్మలాంటిది. రెండు మాటలు తిడతాది, అంతే గదా. తిట్టించుకో."

"చెప్త భాయ్. ఆమె కాలు మానని. గిప్పుడు చెప్తే మంచం మీద గుండె పగుల్తది."

ఆమె గుండె సంగతి ఎలా ఉన్నా, తన ముఖం దాచుకోవడానికి దొరికిన సాకు అది. ఆ సంగతి షరీఫ్‌కూ తెలుసు, లచ్చన్నకూ తెలుసు. ఆ వారమే అతను షరీఫ్‌ను ఇంకో సాయం అడిగాడు. నిజ్వా మార్కెట్‌లో, మనవాళ్ళు సరుకులు కొనుక్కునే దుకాణంలో, చిత్రా రాజ్మా దొరుకుతుంది. లేత గోధుమరంగు గింజ, ఎర్రటి చారలు. అచ్చం అలాగే ఉండదు, కానీ కళ్ళలో పొర ఉన్న మనిషికి సరిపోతుంది. షరీఫ్ తెచ్చిచ్చాడు గానీ పొట్లం చేతికివ్వకుండా గట్టు మీద పెట్టి వెళ్ళాడు.

మార్చి రెండో వారంలో దానిమ్మ ఎర్రగా చిగురించింది. లచ్చన్న ఈసారి చెట్టుకు దండం పెట్టినంత పని చేసి, రాజ్మా గింజలు తిన్నగా మట్టిలోనే వేశాడు. ప్రతి సాయంత్రం గోనె కప్పాడు. అంత జాగ్రత్తగా అతను తన జీవితంలో ఏ పంటా కాపాడలేదు. మొక్కలు బాగానే వచ్చాయి. తీగ మాత్రం సగం పందిరికే ఆగింది, పువ్వు తెల్లగా పూసింది.

మే నెలలో మౌజా వాకరు పట్టుకుని తిరిగొచ్చింది. కళ్ళు ఇంకా మందగించాయి. తిన్నగా చిక్కుడు పందిరి దగ్గరికే తీసుకుపొమ్మంది. పూత అప్పటికి రాలిపోయింది. ఆమె ఒక కాయ పట్టుకుని, పాపాయి వేలు తడిమినట్టు చివరిదాకా తడిమింది.

"ఈ ఏడు పొట్టిగా ఉన్నాయి," అంది.

"చలి మామా. చలి ఎక్కువుండె ఈసారి."

ఆమె ఇంకోసారి తడిమింది. ఆ తరువాత కాయ వదిలేసి అతని చెయ్యి పట్టుకుని తట్టింది. "నేను లేకుండా కాపాడావు," అంది. తన వేళ్ళు చెప్పిన మాట కన్నా అతను చెప్పిన మాట నమ్మింది. లచ్చన్న తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఆ రాత్రి కూర వండి ముందు అతనికే పంపించింది. రాజ్మా రుచి నాలుకకు తెలియకుండా మింగాడు.

రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటూ వేసవి గడిపాడు. ఆగస్టులో కాయలు ఎండాక ఆమె కూర్చుని స్వయంగా గింజలు ఒలిచింది. మంచివి ఏరి డబ్బా నింపింది. అక్టోబరులో, మూడు రోజుల జ్వరంతో, మౌజా పోయింది. చెప్పాల్సిన మనిషే లేకుండా పోయింది కాబట్టి ఇక చెప్పనక్కర్లేదని లచ్చన్న తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆమె సంతోషంగానే పోయింది. నిజం చెప్పి ఉంటే ఆ అయిదు నెలలూ బాధపడేది. పోయిన గింజ ఎలాగూ తిరిగిరాదు. ఈ మాటలు రోజుకు పదిసార్లు అనుకుంటే కొంచెం కొంచెం నిజంలాగే అనిపించాయి.

పరామర్శకు మూడు రోజులు జనం వచ్చారు. లచ్చన్న ఖహ్వా కాఫీ కప్పులు అందిస్తూ తిరిగాడు. మూడో రోజు మధ్యాహ్నం, కొండ అవతలి ఊరి నుంచి మౌజా చెల్లెలు వచ్చింది. సలామా ఆమె పేరు, అక్క పోలికే, నడుము అంతగా వంగలేదు. రాకపోకలు తగ్గి ఏళ్ళయిందట, ఫోన్లలోనే మాట్లాడుకునేవారట. లచ్చన్న ఆమెను అదే మొదటిసారి చూడటం.

నాసిర్ గింజల డబ్బా తెచ్చి చిన్న చిన్న గుడ్డ మూటలు కట్టించాడు. తల్లి పేరు మీద బంధువుల ఇళ్ళన్నింటికీ ఇవ్వాలని ఆయన కోరిక. ఒక మూట పిన్ని చేతికివ్వబోయేసరికి సలామా కళ్ళు తుడుచుకుంది.

"మా అమ్మ ఈ గింజ మా ఇద్దరికీ ఇచ్చింది, నాసిర్. అక్కకు పంటకు ఇచ్చింది, నాకు గుప్పెడు గుర్తుకు ఇచ్చింది. ఒకచోట పోతే ఇంకోచోట ఉండాలని నేనూ రెండేళ్ళకోసారి నాలుగు మొక్కలు వేసి, డబ్బాలో దాచేదాన్ని. అక్కకు చెప్పలేదు. తన దగ్గరే ఉందని తనకు గొప్ప కదా, ఉండనీ అనుకున్నాను."

పళ్ళెంతో కప్పులు అందిస్తున్న లచ్చన్న ఆమె వైపు తిరిగాడు. గుండె ఒక్కసారి పైకి లేచింది. ఉంది, ఆమె దగ్గర ఉంది. ఇప్పుడే, ఇక్కడే, అందరి కాళ్ళూ పట్టుకుని చెప్పేస్తాను అనుకున్నాడు.

సలామా మాట ఆపలేదు. "ఈ రంజాన్‌కు ముందు ఫోను చేశాను. ఈసారి రెండు మళ్ళు నిండాయి చెల్లీ, నా కొడుకు లచ్చన్న నాటాడు అని ఎంత సంబరపడిందో. అంత పంట అక్క దగ్గర ఉంటే నా ముసలి గింజలు ఎందుకని, రంజాన్‌లో మేకమాంసంతో వండి పిల్లలకు పెట్టేశాను. ఒక్కటీ మిగల్చలేదు. ఇదిగో, ఇప్పుడు మళ్ళీ మా అమ్మ గింజ నా చేతికే వచ్చింది."

లచ్చన్న పళ్ళెం కింద పెట్టాడు. మంచు కాల్చింది మొక్కలను. గింజను చంపింది మంచు కాదు. ఆ రోజు ఫోనులో ఒక్క తిట్టు తిట్టించుకుని ఉంటే, మౌజా చెల్లెలికి ఫోను చేసి ఏడ్చేది. ఆ చెల్లెలు డబ్బా తీసుకుని కొండ దాటి వచ్చేది. దానిమ్మ చిగురుకు అప్పటికింకా రెండు వారాల టైముంది. ఇంతకాలం ఎవరికీ నష్టం లేని అబద్ధమని తాను జోకొట్టి నిద్రపుచ్చుకున్నది ఇదన్నమాట.

"ఈయనే లచ్చన్న, పిన్నీ," అన్నాడు నాసిర్. "వీటిని కాపాడింది ఈయనే. ఆయన చేత్తోనే తీసుకో."

అంటూ గుడ్డమూట లచ్చన్న అరచేతిలో పెట్టాడు. మూట లోపల రాజ్మా గింజలు వేళ్ళకు తగులుతున్నాయి. సలామా కొంగు రెండు చేతులా పట్టుకుని, తలవంచి, అతని ముందు నిలబడి ఉంది. అతను మూట అందులో వేశాడు.

"అల్లా నీ చేతులు చల్లగా చూడాలి," అని ఆమె ముడి వేసుకుంది.